ఎడమ రెక్కలో గుండుసూది

కొండముచ్చునీ పేడపురుగునీ పక్కపక్కన పెట్టి, వాటి పోలికలూ తేడాలూ పిల్లలకి అర్థమయ్యే మాటల్లో రాసివ్వమని మ్యూజియంవాళ్ళు నన్ను అడిగారు. కింది హాల్లో కొత్తగా ఒక అద్దాల పెట్టె కడుతున్నారు. ఒకవైపు కొమ్మ మీద కూర్చున్న కొండముచ్చు, ఇంకోవైపు నేల, రాలిన ఆకులు, పురుగులు. మధ్యలో నేను రాసే పలక. ఆ పెట్టెకి మావారి పేరు పెడతారట. ఆయన ఆ మ్యూజియంలో పురుగుల విభాగం చూసేవారు. పోయిన వానాకాలంలో, ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే, గుండె ఆగి పోయారు.

"అయిదో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పే టీచర్ మీరు. మీకంటే బాగా ఎవరు రాస్తారు?" అన్నారు డైరెక్టర్‌గారు ఫోన్‌లో. రాస్తానన్నాను. ఫోన్ పెట్టేయబోతూ, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు, "కొండముచ్చు విషయాలు సరిచూడటానికి మేడం ఉన్నారుగా. ఆవిడకోసారి చూపించండి" అన్నారు.

మ్యూజియంలో అందరూ ఆవిడని కోతుల మేడం అంటారు. మా ఇంట్లో కోతులావిడ అంటాం. అంటాం అంటే నేనూ, మా వదినా. మావారు ఎప్పుడూ అలా అనలేదు. ఆయన ఆవిడని చక్కగా పేరు పెట్టి పిలిచేవారు. అదీ నాకు గిట్టేది కాదు.

వాళ్ళ పని ఇలా ఉండేది. అడవిలో ఒక కొండముచ్చుల గుంపు వెనక ఆవిడ తెల్లవారకముందే బయల్దేరేది. అవి ఏం తిన్నాయి, ఏ కొమ్మ మీద కూర్చున్నాయి, ఏది ఎవరికి పేలు చూసింది, అన్నీ రాసుకునేది. ఆవిడ వెనక, కాస్త దూరంలో, మావారు. చెట్ల మీద నుంచి కొండముచ్చులు జార్చిన పెంట కోసం. ఆ పెంట ఆరకముందే దాని మీద వాలే ఒక రాగిరంగు పేడపురుగు ఉంది. చిటికెనవేలి గోరంత ఉంటుంది. ఆయన జీవితమంతా ఆ పురుగే. కొండముచ్చు ఎటు పోతే పురుగు అటు. ఆవిడ ఎటు పోతే ఈయన అటు. నెలలో సగం రోజులు, ఏళ్ళ తరబడి.

"మీరు ముందు నడవచ్చు కదా" అన్నాను ఒకసారి.

"ముందు నడిస్తే పెంటెలా దొరుకుతుంది?" అన్నారు.

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన జవాబులు ఎప్పుడూ అంతే.

ఆయన పోయిన రోజు ఆవిడ మా ఇంటికొచ్చి ఏడ్చింది. ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, ముక్కు చీదుకుంటూ, గట్టిగా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు చాలకపోతే పక్కింటివాళ్ళని అడిగి తెప్పించాను. చూసినవాళ్ళు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఓదార్చారు. మంచినీళ్ళిచ్చారు. మా ఇంట్లో, మా గ్లాసులో. ఆ గ్లాసు ఇప్పటికీ అల్మరాలో వెనక వరసలో ఉంది. పారెయ్యలేదు. వాడటం లేదు.

*

మా వదిన, అంటే మావారి అక్క, ఆయన పోయినప్పటి నుంచి నాతోనే ఉంటోంది. వస్తూ వస్తూ కుట్టుమిషను కూడా తెచ్చేసుకుంది. నాకు తోడుగా ఉండటానికి వచ్చానంటుంది. మిషనుకే నేను తోడు అని నా అనుమానం.

ఆ సాయంత్రం కాగితం ముందు కూర్చుని రాశాను. రాసింది వదినకి చదివి వినిపించాను.

"కొండముచ్చు గుంపుతో తిరుగుతుంది. పేడపురుగు తన పని తాను చేసుకుంటుంది. కొండముచ్చు తినేదానికంటే కొరికి పారేసేది ఎక్కువ. పేడపురుగు దేన్నీ పారెయ్యదు. కొండముచ్చు దూకుతుంది, అరుస్తుంది, అందరి కంటా పడుతుంది. పేడపురుగు చేసే పని ఎవరికీ కనబడదు. కొండముచ్చు పిల్లని గుంపులోని ఆడవన్నీ చేతులు మార్చుకుంటాయి. పేడపురుగుల్లో ఒక పేడ ఉండకి ఒకే జంట."

వదిన మిషను ఆపింది.

"ఇది కోతి గురించేనా?"

"కొండముచ్చు గురించి."

"నాకైతే మనిషే కనబడుతోంది. పొట్టి జుట్టూ, భుజానికి దుర్భిణీ."

"ఉన్న సంగతులే రాశాను వదినా. పుస్తకంలో చూసే రాశాను."

"ఉన్నవే. నేను కాదన్నానా? కూరలో కారం కూడా ఉన్నదే వేస్తాం. చెయ్యి ఎంత జారిందన్నదే సంగతి." దారం పళ్ళతో తెంపి, సూది కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "చూడమ్మాయ్, మా తమ్ముడు పెంట వెనక పోయాడే గానీ ఆవిడ వెనక పోలేదు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే. తింటున్న కంచం వదిలేసి ఆవు వెనక పోయేవాడు."

"ఆవు వేరు వదినా."

"అవునులే. ఆవైతే మనింటికొచ్చి ఏడవదు."

మిషను మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగింది.

"అంత కష్టంగా ఉంటే నువ్వూ ఒకసారి వాడితో వెళ్ళాల్సింది."

"ఎప్పుడు రమ్మన్నారు?"

"ఎలా రమ్మంటాడే? నీ చేతికి పురుగునిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాంగా. చచ్చినదానికి మళ్ళీ చావొచ్చింది."

పెళ్ళయిన కొత్తలో సంగతి అది. ఆయన సైకిలు మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. సీసాలో తెచ్చిన పురుగుల్ని ఆ వారంలోగా గుండుసూదులకి గుచ్చి అట్ట మీద నిలబెట్టకపోతే పాడైపోతాయి. కట్టు కట్టిన చేత్తో ఆయన ఆ సీసా వైపే చూస్తూ పడుకునేవారు. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగా నేనే కూర్చున్నాను. పక్కనుంచి చూసి నేను నేర్చుకున్న నియమం ఒక్కటే: సూది కుడి రెక్కలో దిగాలి. ఎన్ని కాళ్ళు ఊడినా ఆ నియమం మాత్రం తప్పలేదు. ఆయన లేచాక చూపించాను. చాలాసేపు చూశారు. "బాగున్నాయి" అన్నారు. మర్నాటి నుంచి ఆ అట్ట మా ఇంట్లో కనబడలేదు. పారేసి ఉంటారు. నేను అడగలేదు. మళ్ళీ పురుగుని ముట్టుకోనూ లేదు.

*

శనివారం బడి అయ్యాక మ్యూజియంకి వెళ్ళాను. అద్దాల పెట్టెలో పెట్టాల్సిన పురుగులు చూసుకోవాలి. ఆయన గదిలో సొంత సామాను ఏముందో చూసి, ఏది తీసుకెళ్తానో, ఏది వదిలేస్తానో చెప్పాలి.

గది పై అంతస్తులో, నడవా చివర. తలుపు తియ్యగానే కలరా ఉండల వాసన వచ్చింది. అది ఆయన చొక్కాల వాసన. గుమ్మంలోనే ఆగి కాసేపు గొడుగు ముడిచాను. బయట వాన లేదు.

లోపల ఆయన దగ్గర పనిచేసిన అమ్మాయి ఉంది. పురుగుల్ని శుభ్రం చెయ్యడం, గుచ్చడం, చీటీలు పెట్టడం ఆమె పని. ఆమెకి మ్యూజియంలో భూతద్దం అని పేరు. బల్ల మీద ఉన్న భూతద్దం వల్ల వచ్చింది కాదు. ఎంత చిన్న సంగతైనా ఆమె దగ్గరికి వెళ్తే ఏనుగంతై తిరిగొస్తుందని.

"రండి టీచర్‌గారూ. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, ఈ కుర్చీ. అది సార్‌ది." అని నాలుక కరుచుకుంది. "అంటే మీరు అందులోనే కూర్చోవచ్చు. మీరు కాకపోతే ఇంకెవరు?"

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆమె ఒక్కొక్క డ్రాయరూ లాగి చూపించింది. రాగిరంగు పురుగులు వరసగా, తలలన్నీ పైవైపుకి పెట్టి, ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. ఒక్కొక్కదాని సూదికీ కింద అగ్గిపుల్ల వెడల్పు చీటీ. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు పట్టారు.

"చూశారా, సూది ఎప్పుడూ పురుగు కుడి రెక్కలోనే. సార్ చీకట్లో గుచ్చినా కుడివైపే దిగేది. ఎడమ సగం చెక్కుచెదరకుండా ఉండాలి, పోల్చి చూడటానికి."

"చీటీ లేకపోతే?"

"చీటీ లేకపోతే అది పురుగే గానీ మాకు పనికొచ్చే పురుగు కాదండీ. ఎక్కడిదో తెలియనప్పుడు ఏం చేసుకుంటాం? బుట్టలోకే."

అన్నిటికంటే కింద ఒక డ్రాయరు మిగిలింది. దాన్ని లాగడానికి ఆమె కొంచెం తటపటాయించింది. లాగాక, ఎందుకు తటపటాయించిందో నాకే అర్థమైంది.

అందులో ఒకే వరస ఉంది. ఒక్క పురుగుకీ చీటీ లేదు. ఒక్కదానికీ కుడి రెక్కలో సూది లేదు. అన్నిటికీ ఎడమ రెక్కలోనే. ఇంకా వంగి చూశాను. ఊడిన కాళ్ళని ఎవరో జిగురుతో, వెంట్రుకవాసి తేడా రాకుండా, తిరిగి అతికించారు. అడుగున కొత్త తెల్లకాగితం పరిచి ఉంది. కలరా ఉండలు కూడా కొత్తవి. ఇంత జాగ్రత్తగా కాళ్ళతికించే చేతులు ఆ మ్యూజియంలో ఒక్కరివే.

"ఇవెవరు గుచ్చారు?"

"నేనూ అదే అడిగానండీ. ఎవరు సార్ అంటే నవ్వేవారు."

"నవ్వేవారా?"

"నిజంగా నవ్వేవారండీ, పళ్ళు కనబడేలా. సార్ అలా నవ్వడం మీరెప్పుడైనా..." మళ్ళీ నాలుక కరుచుకుంది. "చూసే ఉంటార్లెండి."

కిటికీ అవతల ఎవరో చెత్తబండి తోసుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడు పోయేదాకా ఆమె ఆగి, గొంతు తగ్గించింది.

"నేనేమీ అనడం లేదు. ఊరికే చెబుతున్నా. కోతుల మేడంది ఎడమచేతి వాటం."

నేను డ్రాయరు మీదికి మళ్ళీ వంగాను.

"డ్రాయరు కావాలి, ఇవి తీసెయ్యమని డైరెక్టర్‌గారు పోయిన నెలే చెప్పారు. మేడం పరుగెత్తుకుంటూ వచ్చి, వీటిని ముట్టుకుంటే ఊరుకోనన్నారు. ఎందుకండీ అంటే, నీకు తెలీదులే అన్నారు. అంత కోపం ఎందుకో మరి. నేనేమీ అనడం లేదు."

ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. చీటీ లేని పురుగు పనికిరాదు. తప్పువైపు గుచ్చింది అసలే పనికిరాదు. పనికిరానిదాన్ని ఆయన ఒక్కరోజు కూడా దాచేవారు కాదు. చిరిగిన చొక్కా నేను దాస్తే తిట్టేవారు. అటువంటి మనిషి వీటిని దాచారు, కాళ్ళతికించారు, తల్చుకుని నవ్వారు. అంటే దాచింది పురుగుల్ని కాదు. వాటిని గుచ్చిన చేతిని.

"పారేయండి" అన్నాను.

"నిజంగానా?"

"ఆయన సామాను గురించి చెప్పాల్సింది నేనే కదా."

"మీరేనండీ."

"డ్రాయరు కావాలన్నారుగా. పారేయండి."

క్లాసులో బల్ల మీద చెత్త తియ్యమని చెప్పే గొంతుతోనే అన్నాను. మెట్లు దిగాను. వీధి మలుపు దాకా బాగానే నడిచాను. అక్కడ ఒక మందుల షాపు అద్దంలో నా మొహం కనబడింది. అది అడగని ప్రశ్నకి జవాబు చెప్పేసిన పిల్లదాని మొహంలా ఉంది. దాన్ని చూడకుండా నడిచాను. అడవిలో ఒక చెట్టు కింద రెండు తలలు ఒకే అట్ట మీదికి వంగి ఉండటం, ఒక ఎడమ చెయ్యి సూది పట్టుకోవడం, ఆయన నవ్వడం, ఇంటికి చేరేదాకా అదే కళ్ళ ముందు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. నా దగ్గర లేదు.

*

సోమవారం పొద్దున బడి ఆవరణలో కసరత్తు. పిల్లలు నాకు ఎదురుగా వరసల్లో నిలబడతారు. "కుడి చెయ్యి పైకి" అంటూ నేను ఎడమ చెయ్యి ఎత్తుతాను. ఎదురుగా ఉన్నవాళ్ళకి అద్దంలోలా కనబడాలి కదా. నేను కుడి ఎత్తితే సగంమంది ఎడమ ఎత్తేస్తారు. బడిలో చేరిన మొదటి ఏడాదే అలవాటైపోయింది. ఇప్పుడు బడి బయట కూడా ఎవరైనా కుడి ఎటు అంటే నా చెయ్యి ఎడమకే లేస్తుంది. నన్ను దారి అడిగినవాడు ఇల్లు చేరడని వదిన అంటుంది.

"కుడి చెయ్యి పైకి. కిందికి. మళ్ళీ పైకి."

గేటు దగ్గర కోతులావిడ నిలబడి ఉంది. చేతుల్లో ఒక చెప్పుల పెట్టె. ఆవిడ నావైపే చూస్తోంది. నేను చెయ్యెత్తగానే ఆవిడకి నవ్వొచ్చింది. పెట్టె గుండెలకి అదుముకుని నవ్వింది. నవ్వుతుండగానే మొహం ముడతలు పడి ఇంకోలా మారిపోయింది.

పిల్లల్ని ఇంకో టీచర్‌కి అప్పజెప్పి ఆవిడని నా క్లాసులోకి తీసుకెళ్ళాను. ఖాళీ గది. నేను నా బల్ల వెనక కూర్చున్నాను. ఆవిడ మొదటి వరసలో పిల్లల బెంచీ మీద మోకాళ్ళు పైకొచ్చేలా ఇరుక్కుని కూర్చుంది. నేను వేరే కుర్చీ ఇవ్వలేదు.

"పారెయ్యమన్నారట" అంది.

"అన్నాను."

"ఆ పిల్లకి చేతులు రాలేదు. నాకు ఫోన్ చేసింది. దాని నోరు ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేసింది."

"మీకు కావాలంటే ఉంచుకోండి. మీరు గుచ్చినవే కదా."

ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది. దూరంగా కొమ్మల్లో ఏదో కదిలితే చూసినట్టు చూసింది.

"నేనా?"

"మీది ఎడమచేతి వాటమట."

ఆవిడ తన ఎడమ చేతిని తిప్పి చూసుకుంది. "టీచర్‌గారూ, నేను బతికున్నవాటిని చూసేదాన్ని. జన్మలో ఒక్క పురుగుకి కూడా సూది గుచ్చలేదు."

"మరెవరు గుచ్చారు?"

"మీరు."

బయట ఆవరణలో ఇంకో టీచర్ ఈల వేస్తోంది. నేను పెట్టె వైపు చూశాను. మూత తీసి ఆవిడ దాన్ని నావైపు జరిపింది.

"మీకు తెలీదా? నిజంగా? ఆయన చేతికి కట్టున్నప్పుడు మీరు గుచ్చారటగా."

"నేను కుడి రెక్కలోనే గుచ్చాను."

"ఆయనా అదే చెప్పేవారు. 'మా ఆవిడనడిగితే ఇప్పటికీ కుడి రెక్కలోనే గుచ్చానంటుంది' అని." ఆవిడ మళ్ళీ నవ్వబోయి ఆపుకుంది. "మధ్యాహ్నం ఎండకి కొండముచ్చులు పడుకుంటాయి. మాకు పనుండదు. చెట్టుకింద కూర్చుని ఆయన అది చేసి చూపించేవారు. ఇలా అట్ట ముందు పెట్టుకున్నట్టు. 'పురుగులన్నీ ఆవిడకి వీపు చూపిస్తున్నాయి. కానీ టీచర్ కదా! తన ముందు వరసలో ఎవరున్నా తన మొహమే చూస్తున్నారనుకుంటుంది. అందుకే వాటి కుడి రెక్క అంటే తనకి ఎడమవైపు అనుకుని గుచ్చింది.' అని చెయ్యెత్తి చూపించేవారు. కుడి చెయ్యి పైకి అని ఎడమ చెయ్యి. ఇందాక మీరు ఎత్తారు చూడండి, అచ్చం అలాగే. నేను నమ్మేదాన్ని కాదు, కొంచెం కల్పించి చెబుతున్నారనుకునేదాన్ని."

నేను ఒక పురుగుని సూదితో సహా బయటికి తీశాను. దాని తల పైకి, వీపు నావైపు. కుడి రెక్క ఎటు అని నన్ను నేను అడిగాను. నా చెయ్యి ఎడమకి వెళ్ళింది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఊరుకోరట. అన్నీ పీకి మళ్ళీ సరిగ్గా గుచ్చుతారట."

అది నిజం. నేను సరిదిద్దేదాన్ని.

"ఒకసారి గదికి వెళ్ళినప్పుడు వాటి మీద చీమ కనబడితే దులపబోయాను" అంది ఆవిడ. "చెయ్యి తియ్యి అన్నారు. అన్నేళ్ళలో ఆయన నాతో గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆ రోజు మీ మీద ఎంత కుళ్ళుకున్నానో మీకు తెలీదు."

"మీరా?"

"నేనే. ఏం, కుళ్ళంతా మీ సొంతమా?"

ఆవిడ మోకాళ్ళు సర్దుకుని, బెంచీ మీద పిల్లలు చెక్కిన గీతలు వేలితో తడుముతూ కూర్చుంది.

"మీరు అడగరు. నేనే చెప్తాను. ఆయనంటే నాకు ఇష్టం. దాచుకోవడానికి ఏముంది, మీ ఇంటికొచ్చి అందరి ముందూ ఏడ్చాను. కానీ ఆయన నా వెనక నడిచారన్న మాటే గానీ నావైపు తలెత్తి చూస్తేగా! కళ్ళెప్పుడూ నేల మీదే. పెంట దొరికితే ఆ మొహం వెలిగిపోవడం చూడాలి. నాకెప్పుడైనా అలా వెలుగుతుందా అని చూసేదాన్ని. ఒక్కసారి వెలిగింది. నేనో పెద్ద పెంటకుప్ప చూపించినప్పుడు."

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక నవ్వు రావడం అదే మొదలు. ఆవిడ ముందు రావడం నచ్చక పెదవులు బిగించాను.

ఊరట కలిగింది. కలగలేదంటే అబద్ధం. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఆయన నన్ను అనుకరించేవారని, చెయ్యెత్తి చూపించేవారని, పళ్ళు కనబడేలా నవ్వేవారని ఇప్పుడు తెలిసింది. అన్నీ నా గురించినవే. అన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి. నాకు దక్కింది "బాగున్నాయి" అన్న ఒక్క మాట.

"ఎలా నవ్వేవారు?" అని అడిగాను.

"ఎలా అంటే? చప్పుడుండదు. భుజాలు కదులుతాయి. చివర్లో ఒక దగ్గు."

దగ్గు నాకు తెలుసు. దాని ముందు నవ్వు ఉంటుందని తెలీదు.

*

పలక చూడాలని డైరెక్టర్‌గారు చెప్పారుగా అని ఆవిడే అడిగింది. సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందని ఇచ్చాక అనిపించింది. ఆవిడ చదివింది.

"బాగా ఉతికారు" అంది. "ఈ కొండముచ్చుకి నా దుర్భిణీ ఒక్కటే తక్కువ."

"తప్పులుంటే చెప్పండి."

"తప్పేమీ లేదు. కొరికి పారేస్తుంది, నిజమే. ఆ పారేసినదాంట్లోంచే కింద జింకలు తింటాయి, అది కూడా రాస్తే బాగుంటుంది. ఒక ఉండకి ఒకే జంట అన్నారు. ఆ ఉండని ఎత్తుకుపోవడానికి చుట్టూ ఎంతమంది దొంగలు కాచుకుని ఉంటారో మావారు..." ఆగిపోయింది. "సార్ చెప్పలేదా?"

'మీవారు' అనబోయి నోరు జారిందని తెలుసు. తెలిసినా గుచ్చుకుంది. నేను పెన్ను మూత తీసి కాగితం మీద రాసుకున్నట్టు తల వంచాను.

"ఇంకా?"

"ఇది." ఆవిడ వేలు పెట్టి చూపించింది. "పిల్లని చేతులు మార్చుకుంటాయి అని రాశారు. చదివితే తల్లికి పట్టనట్టుంది. తల్లి ఎత్తుకోనిస్తుందంతే. అవతల కొమ్మ మీద ఆకు తింటున్నా కళ్ళు పిల్ల మీదే. అది కుయ్యిమందంటే చాలు, వచ్చి లాక్కుంటుంది."

"ఎత్తుకోనివ్వడం వేరు, ఇచ్చెయ్యడం వేరు" అన్నాను.

"అలా రాయండి. అది బాగుంది."

గంట కొట్టారు. పిల్లలు నడవాలో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. ఆవిడ లేచి, పెట్టె మీద మూత పెట్టబోయి ఆగింది.

"ఒకటి నాకిస్తారా? ఒక్కటే."

"ఇవ్వను" అన్నాను.

ఆవిడ తలూపింది. అడగకముందే ఆ జవాబు తెలిసినట్టే ఊపింది. గుమ్మం దాకా వెళ్ళాక నేనే పిలిచాను.

"ఆదివారం మా ఇంటికి రండి. ఆయన ఇంకేమేం అన్నారో చెప్పండి. అన్నీ ఒకేసారి చెప్పకండి."

*

అద్దాల పెట్టె తెరిచారు. పలక మీద నా మాటలున్నాయి. కొండముచ్చు పారేసినది కింద ఎవరు తింటారో ఉంది. పేడపురుగు ఉండకి దొంగలుంటారని ఉంది. కొండముచ్చు తల్లి తన పిల్లని పక్కవాళ్ళకి ఎత్తుకోనిస్తుందనీ, కళ్ళు మాత్రం దాని మీద నుంచి తియ్యదనీ ఉంది. పేడపురుగు తన ఉండని ఎవరికీ ఇవ్వదని ఉంది. ఈ రెండిట్లో ఏది మంచిదో రాయలేదు. పెట్టెలో పెట్టిన పురుగులన్నిటికీ సూది కుడి రెక్కలోనే ఉంది.

ఎడమ రెక్కవి మా ఇంట్లో ఉన్నాయి. ఆదివారాలు కోతులావిడ వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు వదిన మంచినీళ్ళు తెచ్చింది. అల్మరా వెనక వరసలో పెట్టిన ఆ గ్లాసులోనే తెచ్చింది. కావాలనే తెచ్చి ఉంటుంది.

"ఏమ్మా, కోతులు బాగున్నాయా?" అని అడిగింది ఆవిడని.

"బాగున్నాయండీ. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాయి."

"అడుగుతాయిలే. మా తమ్ముడు పోయాక వాటి పెంట ఏరేవాడు లేడుగా."

ఇద్దరూ నవ్వారు. నవ్వుకి వదిన భుజాలు కదిలాయి. చివర్లో దగ్గింది. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నా నేను గమనించలేదు.

ఆవిడ ఆయన మాట ఒకటి చెప్పింది. ఒక్కటే, నేను అడిగినట్టుగానే. అది నాకు ముందే తెలిసి ఉండాల్సిన మాట. వింటున్నంతసేపూ బాగుంది. విన్నాక కుళ్ళు పుట్టింది. ఈ రెండూ ఇక ఒకదాన్ని విడిచి ఒకటి రావేమో.

వెళ్ళేముందు ఆవిడ కళ్ళు అరలోని చెప్పుల పెట్టె మీదికి వెళ్ళాయి. ఏమీ అడగలేదు. నేను లేచి పెట్టె తీసి, మూత తెరిచి, ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"కాసేపు పట్టుకోండి" అన్నాను. "టీ పెట్టుకొస్తాను."

వంటగదిలోంచి హాలు కనబడుతుంది. పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగుతాయని తెలుసు. కళ్ళు మాత్రం పెట్టె మీద నుంచి తియ్యలేదు.